మకావుకు వీసా వద్దు సరే, మధ్యలో హాంకాంగ్ ఉంది కదా!

థాయిలాండ్, మలేషియా, సింగపూర్ అయిపోయినవాళ్లు ఇప్పుడు మకావు మీద పడ్డారు. ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ దాని గురించే కాబట్టి మిగతా ఊళ్ల ప్రశ్నలు వచ్చే సంచికకు పక్కన పెట్టాను. తెలియనివాళ్లకు రెండు ముక్కలు: మకావు అంటే చైనా దక్షిణ తీరంలో హాంకాంగ్‌కు పడమరగా ఉన్న చిన్న ప్రాంతం, మొత్తం కలిపితే 33 చదరపు కిలోమీటర్ల చిల్లర. నాలుగు వందల ఏళ్లకు పైగా పోర్చుగీసువాళ్ల చేతిలో ఉండి 1999 డిసెంబరు 20న చైనా చేతికి వచ్చింది. అయినా దాని డబ్బు వేరు, ఇమ్మిగ్రేషన్ వేరు, చట్టాలు వేరు. చైనా వీసా కోసం తిరగాల్సిన పని లేదు.

ప్రశ్న: దసరా సెలవుల్లో నలుగురం మకావు పోవాలనుకుంటున్నాం. ఇండియన్లకు అక్కడ వీసా అక్కర్లేదని ట్రావెల్స్ ఆయనే అంటాడు, మళ్లీ హాంకాంగ్ పర్మిషన్ అని మనిషికి మూడు వేలు కట్టమంటాడు. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు, పెద్దకాపు లేఅవుట్, తిరుపతి

జవాబు: రెండూ నిజమేనమ్మా, ఆ మూడు వేలు తప్ప. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మకావులో 30 రోజుల వరకు వీసా లేకుండా ఉండొచ్చు. చిక్కు ఎక్కడంటే, మన దేశం నుంచి మకావుకు నేరుగా విమానం లేదు, ఎక్కువమంది హాంకాంగ్‌లో దిగి అక్కడి నుంచి పడవో బస్సో ఎక్కుతారు. పక్కింటి వాకిట్లోంచి నడిచి మన చుట్టాలింటికి పోవడం లాంటిది, పక్కింటివాళ్ల మాట కూడా వినాల్సిందే. హాంకాంగ్‌వాళ్లు ఒకప్పుడు మనకు ఊరికే 14 రోజులు ఇచ్చేవాళ్లు. 2017 జనవరి 23 నుంచి మాత్రం బయల్దేరకముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని రావాలని రూలు పెట్టారు. ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్, పొట్టిగా పార్ అంటారు. దీనికి ఒక్క రూపాయి ఫీజు లేదు. హాంకాంగ్ ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంట్ సైట్లో, అంటే అడ్రసు చివర గవ్ డాట్ హెచ్‌కే అని ఉండే సైట్లో, మీరే ఇంట్లో కూర్చుని నింపుకోవచ్చు, జవాబు కూడా మామూలుగా అప్పటికప్పుడే వచ్చేస్తుంది. గూగుల్‌లో వెతికితే ముందు కనబడే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వానివి లాగే ఉండి చివర్లో కార్డు నంబరు అడుగుతాయి. డబ్బు అడిగిందంటే అది అసలుది కాదు, మూసేయండి.

ఓకే అయితే ఒక స్లిప్పు వస్తుంది. దాన్ని తెల్ల ఎ4 కాగితం మీద ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి, ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు. ఆరు నెలలు చెల్లుతుంది, ఆలోపు ఎన్నిసార్లు హాంకాంగ్‌లోకి వచ్చినా ఒక్కోసారికి 14 రోజుల వరకు ఉండనిస్తారు, కాబట్టి మకావు పోయి మళ్లీ హాంకాంగ్ మీదుగా తిరిగి రావడానికి ఆ ఒక్క స్లిప్పే సరిపోతుంది. పిల్లలకు కూడా ఎవరిది వాళ్లకే. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. ఒకవేళ ఓకే కాకపోతే హాంకాంగ్ వీసాకు అప్లై చేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. అందుకే పార్ చేతికి వచ్చాకే టికెట్లు కొనండి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, ఆఫర్ ఉందని టికెట్లు ముందు కొనేసి తర్వాత నాకు ఉత్తరం రాస్తారు!

విమానాశ్రయం దాటకుండా ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కేవాళ్లకు పార్ అక్కర్లేదు. ఆ మాట పట్టుకుని, పడవ ఎక్కేవాళ్లకు కూడా వద్దని చెప్పేవాళ్లు ఉన్నారు. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవడం, చేసిపెట్టుకోండి, చెన్నైలో చెకిన్ కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు. అసలు హాంకాంగ్ గొడవే వద్దనుకుంటే బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్‌ల నుంచి మకావుకే విమానాలు ఉన్నాయి.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. మన దసరా సెలవులు చాలాసార్లు అక్టోబరు మొదటి వారంలో పడతాయి, చైనావాళ్లకు అక్టోబరు 1 నుంచి వారం పండగ సెలవులు. వాళ్లంతా వచ్చి పడేది మకావుకే. గది అద్దె ఎక్కడికో పోతుంది, చూడదగ్గ చోటల్లా మన బ్రహ్మోత్సవాల్లో మాడవీధి చూసినట్టే ఉంటుంది. వీలైతే వారం తర్వాత పెట్టుకోండి.

ప్రశ్న: మా నాన్న పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, ఇనీషియల్ పేరుతోనే కలిసిపోయింది. పైగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ కావాలి అనే) పాస్‌పోర్టు. ఆపేస్తారా? – గ్రీంస్‌పేట, చిత్తూరు

జవాబు: తమిళనాడు సరిహద్దు కదా, మన జిల్లాలో ఈ ఖాళీ గడి పాస్‌పోర్టులు బోలెడు. పార్ ఫారంలో పాస్‌పోర్టే ప్రమాణం. ఏ గడిలో ఏముందో అక్షరం తేడా లేకుండా అదే కొట్టండి, ఇనీషియల్‌ని విడదీసి, ఆధార్‌లో ఇట్లా ఉంది కదా అని ఇంటిపేరు తెచ్చి పెట్టొద్దు. పాస్‌పోర్టుకు, స్లిప్పుకు తేడా వస్తే ఆ స్లిప్పు చెల్లదు. తప్పు పడిందని తర్వాత చూసుకుంటే దాన్ని పెన్నుతో దిద్దకుండా మళ్లీ కొత్తగా నింపండి. విమానం టికెట్ దగ్గర మాత్రం సర్‌నేమ్ లేకపోతే సైట్ ముందుకు పోనివ్వదు, అక్కడ ఏం రాయాలో ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి, కొనే ముందే వాళ్లను అడగండి.

ఈసీఆర్ గురించి దిగులే వద్దు. అది కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోయేవాళ్ల కోసం పెట్టిన నిబంధన. ఆ జాబితాలో హాంకాంగ్, మకావు లేనే లేవు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు మాత్రం చేతిలో ఉంచుకోమనండి.

ప్రశ్న: హాంకాంగ్ ఎయిర్‌పోర్టు నుంచి మకావుకు పడవ మంచిదా, బస్సు మంచిదా? మా విమానం రాత్రి పొద్దుపోయాక దిగుతుంది. – పలమనేరు

జవాబు: రాత్రి పొద్దుపోయాక అయితే బస్సే, పడవలు ఉండవు. పగలైతే ఎయిర్‌పోర్టులోనే స్కైపియర్ అని పడవల రేవు ఉంది. దాని కిటుకు ఏమిటంటే, విమానం దిగాక హాంకాంగ్ ఇమ్మిగ్రేషన్ లైన్లోకి పోకూడదు, బెల్టు మీద సామాను కోసం వెతకకూడదు. బోర్డులు చూసుకుంటూ నేరుగా ఫెర్రీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌కు పోయి, చెన్నైలో బోర్డింగ్ పాస్‌కు అంటించిన లగేజీ ట్యాగు చూపిస్తే సామాను వాళ్లే పడవలోకి మారుస్తారు. దీనికి గంటైనా టైం కావాలి. పొరపాటున జనంతో కలిసి ఇమ్మిగ్రేషన్ దాటేశారా, ఇక ఆ పడవ ఎక్కే వీలు లేదు, ఊళ్లోకి పోయి షున్ తాక్ సెంటర్ దగ్గర మామూలు ఫెర్రీ ఎక్కాలి, లేదా బస్సు.

బస్సంటే 2018 అక్టోబరులో తెరిచిన సముద్రపు వంతెన మీది బస్సు. హాంకాంగ్, జుహాయ్, మకావులను కలిపే ఈ దారి మొత్తం 55 కిలోమీటర్లు, మధ్యలో కొంత సముద్రం కింద సొరంగం. ఇమ్మిగ్రేషన్ దాటి సామాను తీసుకుని, ఎయిర్‌పోర్టు బయట బి4 అనే సిటీబస్సు ఎక్కితే వంతెన దగ్గర చెక్‌పోస్టు భవనంలో దింపుతుంది. అక్కడి నుంచి గోల్డ్ బస్ అని బంగారు రంగు బస్సులు రాత్రంతా తిరుగుతాయి, ముప్పావు గంటలో మకావు వైపు చేరుస్తాయి. టికెట్ 65 హాంకాంగ్ డాలర్లు, రాత్రి వేళ ఇంకొంచెం ఎక్కువ. వంతెన పేరులో జుహాయ్ ఉంది కదా చైనా వీసా అడుగుతారేమో అని భయపడొద్దు, ఈ బస్సు చైనాలోకి పోదు.

మకావు వైపు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎప్పటివరకు ఉండొచ్చో రాసిన చిన్న చీటీ ఇస్తారు. అది బిల్లు అనుకుని పారేయకండి.

పలమనేరు అంటున్నారు కాబట్టి ఇంకో మాట, చెన్నై కన్నా మీకు బెంగళూరే దగ్గర, అక్కడి నుంచి కూడా హాంకాంగ్‌కు నేరుగా విమానాలున్నాయి.

ప్రశ్న: మకావు డబ్బు తిరుపతిలో దొరుకుతుందా? – బైరాగిపట్టెడ

జవాబు: వాళ్ల డబ్బు పేరు పటాకా. ఇక్కడ దొరకదు, వెతకొద్దు. హాంకాంగ్ డాలర్లు తీసుకెళ్లండి, మకావులో ఏ కొట్లో ఇచ్చినా తీసుకుంటారు. లెక్క ప్రకారం 100 హాంకాంగ్ డాలర్లకు 103 పటాకాలు రావాలి, కొట్లలో మాత్రం వందకు వంద అనే లెక్కేస్తారు. టీ దగ్గర మూడు పటాకాల కోసం గొడవపడే పని లేదు, హోటల్ బిల్లు లాంటి పెద్ద మొత్తాలకే మార్చుకుని ఇవ్వండి, లేదా కార్డు వాడండి. చిల్లర మాత్రం పటాకాల్లో ఇస్తారు, అదే తంటా, ఎందుకంటే మిగిలిన పటాకాలు హాంకాంగ్‌లో ఎవరూ ముట్టుకోరు. మకావు దాటేలోపే ఖర్చుపెట్టేయండి. ఒకే విలువ నోటు రెండు రకాల బొమ్మలతో కనబడితే దొంగనోటేమో అని కంగారుపడొద్దు, అక్కడ నోట్లు ముద్రించేది రిజర్వ్ బ్యాంకు లాంటిది కాదు, రెండు బ్యాంకులు చెరొకటి వేస్తాయి.

1,20,000 పటాకాలు, అంతకు మించిన నగదు దగ్గరుంటే కస్టమ్స్‌లో చెప్పాలి. అంత ఎవరు తీసుకెళ్తారులెండి.

ప్యాకేజీ టూర్ కొన్నవాళ్లు బిల్లులో టీసీఎస్ అని ముందే పట్టుకున్న పన్నును మర్చిపోవద్దు, ఐటీ రిటర్నులో చూపిస్తే సర్దుబాటు అవుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో అందరం శాకాహారులం, అత్తయ్య వెల్లుల్లి కూడా ముట్టదు. అక్కడ ఏం తిని బతకాలి? కరెంటు కుక్కర్ తీసుకెళ్లొచ్చా? – కాణిపాకం దగ్గర నుంచి ఒక కోడలు

జవాబు: అమ్మా, మీ అత్తయ్యగారికే అక్కడ ఎక్కువ సుఖం. చైనా బౌద్ధులు నడిపే శాకాహార హోటళ్లలో మాంసం, చేపతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. తైపా దీవిలో పౌ తాయ్ అనే బౌద్ధాలయంలోనే అట్లాంటి భోజనశాల ఉంది, మధ్యాహ్నానికి పోండి. అసలు ఇబ్బంది మామూలు చైనా హోటళ్లలో. అక్కడ 'వెజిటబుల్' అని రాసిన పళ్లెంలో కూరగాయలే కనబడతాయి, వాటి మీద పోసింది ఆయిస్టర్ సాస్ అంటే ముత్యపు చిప్పల రసం, ఉడికించింది కోడి నీళ్లలో, వేయించింది పంది కొవ్వులో అయి ఉండొచ్చు. మాంసం వద్దు అంటే సరేనని ముక్కలు తీసేస్తారు అంతే. అందుకని గుడ్డు, చేప, ఆయిస్టర్ సాస్, మాంసం నీళ్లు, కొవ్వు ఇవేవీ వద్దు అని చైనా అక్షరాల్లో ఎవరిచేతైనా రాయించి ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. ఇంగ్లీషు హాంకాంగ్‌లో నడిచినంతగా ఇక్కడ నడవదు. ఇండియన్ హోటళ్లు కూడా ఉన్నాయి, ధర కాస్త ఎక్కువ.

వీధివీధినా అమ్మే పసుప్పచ్చ ఎగ్ టార్ట్ చూసి పిల్లలు అడుగుతారు. పేరులోనే ఉంది, గుడ్డు.

మాంసం తినేవాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే వాళ్లకొక మాట: మకావు సొంత వంట చైనాదీ కాదు, పూర్తిగా పోర్చుగీసుదీ కాదు, గోవా మీదుగా వచ్చిన పసుపు, కొబ్బరిపాలు అందులో పడ్డాయి. పోర్చుగీసు చికెన్ అని తెప్పించుకుంటే పసుప్పచ్చ పులుసులో కొబ్బరి వాసన వస్తుంది, మన నాలుకకు కొత్తగా ఉండదు. కారం మాత్రం ఆశించొద్దు.

కుక్కర్ వద్దు. గదిలో వంట హోటళ్లు ఒప్పుకోవు, పొగ అలారం మోగిందంటే పరువు పోతుంది. ప్రతి గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ ఉంటుంది, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా, పోహా ప్యాకెట్లు తీసుకెళ్లండి, మొదటిరోజుకు పులిహోర ఎటూ కడతారు. ప్లగ్గు మనది పట్టదు, అక్కడివి మూడు పలకల పుల్లలవి, అడాప్టర్ కొనండి, హాంకాంగ్‌లోనూ అదే పనికొస్తుంది.

ప్రశ్న: శ్రీవారి లడ్డూలు, ఆవకాయ, కొబ్బరి చిప్పలు విమానంలో రానిస్తారా? – కొర్లగుంట

జవాబు: లడ్డూలు నిశ్చింతగా చేతి సంచిలోనే తీసుకెళ్లండి. ఆవకాయ, నెయ్యి ద్రవం కింద లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే చెకిన్ సామానులోనే పెట్టాలి, సీసా కాకుండా ప్యాకెట్‌గా వేడి సీలు వేయించండి, లేకపోతే ఆవనూనె చీరలన్నీ తాగుతాయి. ఎండుకొబ్బరి చెకిన్ సామానులో పనికిరాదు, నూనె వల్ల నిప్పంటుకునే సరుకుల్లో వేశారు. గుళ్లో ఇచ్చిన చిప్పలు కూడా నాలుగు రోజులకు ఎండేవే కదా, ఇంట్లోనే పెట్టి పోండి. చికెన్ పచ్చడి లాంటివి అసలొద్దు. పవర్ బ్యాంకు దీనికి తిరగబడి, చేతి సంచిలోనే ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 19. క్యాసినో చూడాలని గోల. పోనీ చూసి రానిస్తారా? – చిత్తూరు

జవాబు: రానివ్వరు. 2012 నుంచి 21 ఏళ్లు నిండాలి, ఆడకపోయినా సరే. వాకిట్లో పాస్‌పోర్టు చూస్తారు. లోపల ఫోటోలు తీయనివ్వరు. క్యాసినో ఉన్న పెద్ద హోటళ్లలో బజారు, కాలవల్లో పడవలు, ఫౌంటెన్లు ఇవన్నీ ఎవరైనా చూడొచ్చు, ఆటల హాలులోకి అడుగు పెట్టకుండా పక్క నుంచే దారులు ఉంటాయి. అబ్బాయి మరీ గోలపెడితే 338 మీటర్ల మకావు టవర్ చూపించండి, అక్కడ 233 మీటర్ల నుంచి బంగీ దూకుతారు. దాని టికెట్ ధర చూశాక గోల మీరు పెడతారు.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. ట్యాక్సీలతోనే తిరగాలా? – తిరుచానూరు రోడ్డు, తిరుపతి

జవాబు: అక్కర్లేదు. సిటీబస్సు ఎంత దూరమైనా 6 పటాకాలు, చిల్లర ఇవ్వరు, డబ్బాలో వేయడమే. అయిదు పటాకాల బిళ్ల ఒకటి, ఒక పటాకా బిళ్ల ఒకటి చేతిలో సిద్ధంగా పెట్టుకోండి, లేదా మకావు పాస్ కార్డు కొనుక్కోండి. పెద్ద హోటళ్లవాళ్లు రేవుల నుంచి, ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రీ బస్సులు నడుపుతారు, చాలావాటిలో మీరు అక్కడ దిగారా లేదా అని ఎవరూ అడగరు. 2019లో మొదలైన చిన్న మెట్రో 2023 డిసెంబరు నుంచి పాత ఊరి చివర బార్రా దాకా వస్తోంది. ట్యాక్సీ ఎక్కితే హోటల్ పేరు చైనా అక్షరాల్లో ఉన్న కార్డు చూపించండి.

అమ్మగారికి కష్టం పాత ఊళ్లోనే. సెనాడో స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ చర్చి గోడ దాకా నడకే, నల్లా తెల్లా రాళ్లు అలల్లా పరిచిన దారి, చూడ్డానికి బాగుంటుంది, వాన పడితే జారుతుంది. చివర్లో పొడవాటి మెట్లు. ఆ చర్చి 1835లో కాలిపోయి ముందు గోడ ఒక్కటే మిగిలింది, కింద నిలబడి చూసినా అంతా కనబడుతుంది, మెట్లెక్కించి ఇబ్బంది పెట్టకండి. పొద్దున్నే ఎనిమిదింటికే పోతే కూర్చోను చోటు కూడా దొరుకుతుంది.

ప్రశ్న: ఆగస్టులో టికెట్లు చవగ్గా ఉన్నాయి, పోవచ్చా? – పుత్తూరు

జవాబు: ఎందుకు చవకో తెలుసా, అది తుఫాన్ల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు చూసినవాళ్లకు వేరే చెప్పాలా! అక్కడ ఆ భయం జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎక్కువ. 2017 ఆగస్టులో హాతో తుఫాను వచ్చినప్పుడు పాత రేవు వైపు వీధులు మునిగాయి, పదిమంది చనిపోయారు. తుఫాను హెచ్చరికలకు నంబర్లుంటాయి, 8 ఎగరేశారంటే పడవలు, బస్సులు బంద్, వంతెనలు కూడా చాలావరకు మూసేస్తారు, మీరు గదిలోనే. తిరుగు విమానం పోయినా పోవచ్చు. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా హాయి. నవంబరులో కార్ల రేసు వారం ఒకటుంది, ఊరి రోడ్లే రేసు ట్రాకు, ఆ నాలుగు రోజులు తప్పించండి. శుక్ర, శని రాత్రులు గది అద్దె ఎప్పుడూ ఎక్కువే, ఆదివారం దిగి గురువారం బయల్దేరేట్టు చూసుకోండి.

ప్రశ్న: హాంకాంగ్ సిమ్ మకావులో పనిచేస్తుందా? పక్కనే చైనా కదా, అట్లా ఒక పూట పోయి రావచ్చా? – రేణిగుంట

జవాబు: రోమింగ్ ప్యాక్‌లో హాంకాంగ్, మకావు వేర్వేరుగా రాసి ఉన్నాయా చూసి కొనండి. వాట్సాప్, గూగుల్ రెండు చోట్లా పనిచేస్తాయి. సరిహద్దు దగ్గర ఫోన్ చైనా టవర్ పట్టుకుంటుంది, అక్కడ ఆటోమేటిక్ నెట్‌వర్క్ ఆపేయండి. చైనాలోకి మాత్రం వీసా లేకుండా కుదరదు, గేటు దాకా పోయి వెనక్కి రావాల్సిందే.

ప్రశ్న: చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. క్యాసినోలు కాక మనకు సంబంధం ఉన్నది ఏమైనా ఉందా? – శ్రీకాళహస్తి

జవాబు: ఉంది మాస్టారూ, చాలామంది దాని ముందు నుంచే నడిచిపోతారు. పోర్చుగీసువాళ్లు మకావును 1844 వరకు గోవా నుంచే ఏలారు. తర్వాత కూడా రాకపోకలు పోలేదు, 1874లో అక్కడి పోలీసు బలగం చాలక గోవా నుంచి మన సిపాయిల పటాలాన్ని రప్పించి, వాళ్లు ఉండటానికి కొండవాలు మీద ఒక బ్యారక్ కట్టారు. మూరిష్ బ్యారక్స్ అంటారు, పసుపు గోడలు, వరసగా కమాన్లు, ముందు పొడుగు వరండా. యునెస్కో 2005లో గుర్తించిన పాత ఊరి కట్టడాల్లో అదీ ఒకటి. మెట్రో బార్రా స్టేషన్‌లో దిగి, పోర్చుగీసువాళ్లు రాకముందు నుంచి ఉన్న ఆ-మా అమ్మవారి గుడి చూసుకుని, ఆ వీధిలోనే కాస్త ఎగువకు నడిస్తే వస్తుంది. ఇప్పుడు అందులో సముద్ర రవాణా శాఖ ఆఫీసు ఉంది, లోపలికి పోనివ్వరు, వరండా వరకు పగటిపూట చూడొచ్చు, టికెట్ లేదు.